అక్క ఇంటి కరెంటు లెక్క
(8, 9, 10 తరగతుల విద్యార్థులకు: అసమాపక క్రియల పునశ్చరణ, నిత్యజీవితంలో లెక్క)



మనవి బదిలీల కుటుంబాలు. మూడేళ్లకో నాలుగేళ్లకో సామాను పెట్టెల్లో సర్దుకుని కొత్త ఊరికి బయలుదేరతాం. క్వార్టర్‌లో దిగగానే స్విచ్ వేసి చూస్తాం. లైటు వెలిగితే కరెంటు ఉన్నట్టే అనుకుని తరువాతి పనిలో పడతాం. ఆ కరెంటు ఎక్కడినుంచి వచ్చింది, ఎంత ఉంది అని ఎవరం అడగం. నేనూ ఎప్పుడూ అడగలేదు. కిందటి అక్టోబరు సెలవుల్లో మా అక్క ఇంట్లో గడిపిన మూడు రోజులు నాకు ఆ ప్రశ్న నేర్పాయి. దాంతోపాటు, పదేళ్లుగా మీకు చెబుతున్న ఒక వ్యాకరణ పాఠాన్ని కూడా కొత్తగా చూపించాయి. ఆ రెండూ కలిపి ఈ పాఠం.

1. తోటలో ఇల్లు

మా పెదనాన్న కూతురు కంప్యూటర్ ప్రోగ్రామర్. అనంతపురం పట్నానికి 50 కిలోమీటర్ల దూరంలో, ఊరి బయట చీనీ తోటలో ఇల్లు కట్టుకుంది. బావ తోట చూసుకుంటాడు, అక్క ఇంటినుంచే ఆఫీసు పని చేస్తుంది. పెద్దమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇంటిదాకా స్తంభాలు నాటించి కరెంటు లైను లాగించుకోవడానికి అయ్యే ఖర్చు చూసి, ఆ డబ్బు సోలార్ పలకల మీదే పెట్టారు. ఆ ఇంటికి బయటినుంచి వచ్చే తీగ ఒక్కటీ లేదు. ఎండ ఇచ్చిందే కరెంటు, బ్యాటరీలో మిగిలిందే రాత్రికి ఆధారం. వాళ్ల కారు కూడా కరెంటుతో నడిచేదే.

ఇంటిమీద 540 వాట్ల పలకలు 12 ఉన్నాయి. మొత్తం సుమారు 6.5 కిలోవాట్లు. మన దేశంలో మంచి ఎండ కాసిన రోజు ఒక కిలోవాట్ పలకలనుంచి దాదాపు 4 యూనిట్లు వస్తాయని ఒక వాడుక లెక్క. ఆ ప్రకారం అక్క ఇంటికి నిండు ఎండ రోజున 26 యూనిట్లు. ఆకాశమంతా మబ్బు కమ్మితే నాలుగైదు యూనిట్లు వస్తే గొప్ప.

యూనిట్ అంటే ఏమిటో గుర్తుందా? 1000 వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తు. అదే కిలోవాట్ అవర్. మన కరెంటు బిల్లులో ఉండేది ఈ లెక్కే.

2. వెలుగు కరెంటుగా మారే దారి

కొన్ని పదార్థాల మీద వెలుతురు పడితే విద్యుత్తు పుడుతుందని 1839లోనే ఫ్రాన్సు శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ గమనించాడు. పనికి వచ్చే సిలికాన్ సోలార్ సెల్‌ను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారుచేశారు. అప్పట్లో అది తనమీద పడ్డ వెలుగులో సుమారు 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చేది. ఇప్పటి పలకలు 20 శాతం దాటాయి.

పలకనుంచి వచ్చేది ఒకే దిక్కుగా ప్రవహించే విద్యుత్తు, అంటే డి.సి. బ్యాటరీలో దాచుకోవడానికి అది సరిపోతుంది. ఇంట్లోని ఫ్రిజ్‌కూ, నీళ్ల మోటారుకూ కావలసింది ఏ.సి. కనుక మధ్యలో ఇన్వర్టర్ ఉండాలి. అక్క ఇంటి బ్యాటరీ లిథియం జాతిది. లిథియం అయాన్ బ్యాటరీలను రూపొందించినందుకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97 ఏళ్లు.

అక్క ఇంటి బ్యాటరీ 15 యూనిట్లు పడుతుంది. కానీ 20 శాతం కంటే కిందికి వాడనివ్వదు. పూర్తిగా పిండేస్తే బ్యాటరీ ఆయువు తగ్గుతుంది. కాబట్టి చేతికి వచ్చేవి 12 యూనిట్లే.

3. రోజు ఖర్చు

అక్క ఇంటి వంటగది గోడమీద ఒక పట్టిక అంటించి ఉంది. మామూలు రోజు ఖర్చు ఇది:

ల్యాప్‌టాప్, తెర (9 గంటలు): 0.8 యూనిట్
ఇంటర్నెట్ పరికరం (24 గంటలు): 0.4
ఫ్రిజ్: 1
ఫ్యాన్లు మూడు (30 వాట్లవి): 1
లైట్లు: 0.3
కరెంటు పొయ్యి మీద వంట: 2
నీళ్ల మోటారు: 1
వాషింగ్ మెషీను: 0.5
మొత్తం: 7 యూనిట్లు

ఈ పట్టిక చూసి నేను ఆశ్చర్యపోయాను. ప్రోగ్రామర్ ఇల్లు కదా, కంప్యూటర్లే ఎక్కువ కరెంటు తింటాయనుకున్నాను.

"కాదురా తమ్ముడూ. లెక్క చేసేది, వెలుగు ఇచ్చేది, మాట మోసేది చవక. వేడి చేసేదీ, బరువు కదిలించేదీ ఖరీదు" అంది అక్క.

ఆ మాట మీరు నోటుపుస్తకంలో రాసుకోండి. మిగతా పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

కారు బ్యాటరీ 30 యూనిట్లది. యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు వెళుతుంది. ఎండ రోజున ఇంటి ఖర్చు పోగా మిగిలింది కారుకు పోతుంది.

అక్క రోజు కూడా ఎండ వెంబడే నడుస్తుంది. పొద్దున కాఫీ కంటే ముందు ఫోనులో ఉపగ్రహం పంపిన మబ్బుల చిత్రం చూస్తుంది. ఎండ ఖాయమైతే మోటారు, బట్టలు, వంట అన్నీ పది నుంచి రెండు గంటల మధ్య పెట్టుకుంటుంది. రెండు వారాలకొకసారి బావ నిచ్చెన వేసుకుని పలకల మీది దుమ్ము కడుగుతాడు. మే నెల ఎండకు కరెంటు బాగా వస్తుందేమో అని బావను అడిగాను. వేడెక్కిన పలక కొంచెం తక్కువ ఇస్తుందట. పలకకు కావలసింది వెలుగే కానీ వేడి కాదు.

4. ప్రోగ్రాములో మన వ్యాకరణం

ఈ పనులన్నీ చూసుకోవడానికి అక్క అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరుకు ఒక ప్రోగ్రాము రాసింది. అది ఏం చేస్తుందో తెలుగులో చెప్పమన్నాను. ఇలా చెప్పింది:

"బ్యాటరీ 90 శాతం దాటితే, కారుకు ఛార్జింగ్ మొదలుపెట్టు."
"కారు ఛార్జి అవుతూ ఉంటే, మోటారు వేయకు."
"ట్యాంకు నింపి, మోటారు ఆపి, నాకు సందేశం పంపు."
"బ్యాటరీ 40 శాతానికి తగ్గితే, బరువు పనుల లైను ఆపు."
"ఎవరు అడిగినా, 20 శాతం కంటే కిందికి పోకు."

విద్యార్థులారా, ఇవన్నీ మన అసమాపక క్రియలే కదా! దాటితే, తగ్గితే: చేదర్థకం. ఒక పని జరగడం మీద ఇంకో పని ఆధారపడుతుంది. అవుతూ: శత్రర్థకం. రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. నింపి, ఆపి: క్త్వార్థకం. ఒకటి ముగిశాక ఇంకొకటి. అడిగినా: అప్యర్థకం. మొదటి పని జరిగినా రెండోది మారదు.

చేదర్థకానికీ అప్యర్థకానికీ తేడా పరీక్షలో మీరు తరచు పొరబడతారు. "వాన వస్తే ఆట ఆపుతాం." "వాన వచ్చినా ఆట ఆపం." మొదటి వాక్యం పరిస్థితిని బట్టి వంగుతుంది. రెండోది వంగదు. ఈ తేడా ఎంత బరువైనదో నాకు మంగళవారం రాత్రి తెలిసింది.

5. రెండు మబ్బు రోజులు

మేము నలుగురం ఆదివారం పొద్దున రైలు దిగాం. అక్కే కారు తెచ్చి పట్నంనుంచి మమ్మల్ని తీసుకెళ్లింది. మధ్యాహ్నందాకా ఎండ బాగానే ఉంది. ఇంటి బ్యాటరీ నిండింది, కారులోకి కొంత ఎక్కింది. ఆ తరువాత బంగాళాఖాతంలో వాయుగుండం వల్ల ఆకాశం మూసుకుపోయింది. కారులో 19 యూనిట్ల దగ్గర ఛార్జింగ్ ఆగింది.

సోమవారం పొద్దున చలిగా ఉంది. మబ్బుకు మిద్దెమీది సోలార్ హీటరులో నీళ్లు కాగలేదు. మా సామానులో నీళ్లు కాచే రాడ్డు ఎప్పుడూ ఉంటుంది. ఏ ఊరి క్వార్టర్‌లో గీజరు పనిచేస్తుందో, ఎక్కడ చేయదో మనకు తెలియదు కదా. ఎవరినీ అడగకుండా స్నానాలగది పక్క సాకెట్‌లో పెట్టాను. మా నలుగురికీ, పెద్దమ్మకూ కలిపి ఐదు బకెట్లు. తరువాత బట్టలు ఇస్త్రీ చేసుకున్నాం. మంగళవారం కూడా అంతే.

ఆ రాడ్డు 1000 వాట్లది. బకెట్ నీళ్లు కాగడానికి అరగంట పట్టింది. అంటే బకెట్‌కు అర యూనిట్. ఇప్పుడు 60 వాట్ల ల్యాప్‌టాప్ 8 గంటలు పనిచేస్తే ఎంత? 480 వాట్ అవర్లు, దాదాపు అర యూనిట్. మా అక్క పొద్దుననుంచి సాయంత్రందాకా కూర్చుని చేసే పనికి ల్యాప్‌టాప్ తీసుకునే కరెంటు, నేను ఒక్క స్నానానికి వాడుకున్నాను. ఐదు బకెట్లంటే ఐదు పనిదినాలు!

ఇంటి రోజువారీ ఖర్చు 7 నుంచి 12 యూనిట్లకు పెరిగింది. సోమవారం పలకలనుంచి వచ్చింది 5. సాయంత్రానికి బ్యాటరీలో వాడుకోదగింది 5 యూనిట్లే మిగిలింది. అక్క చూసింది. చూసి మోటారు, వాషింగ్ మెషీను ఆపింది, వంట గ్యాసు పొయ్యి మీదికి మార్చింది. మాతో ఒక్క మాట అనలేదు.

మంగళవారం వచ్చింది 4, ఖర్చయింది ఎనిమిదిన్నర. సూర్యాస్తమయానికి అర యూనిట్ మిగిలింది. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లంతా చీకటైపోయింది.

6. మంగళవారం రాత్రి

మర్నాడు, అంటే బుధవారం, ఉదయం ఏడు గంటలకు పెద్దమ్మ అనంతపురంలోని కంటి ఆసుపత్రిలో ఉండాలి. శుక్లం ఆపరేషన్. చాలా రోజులు ఎదురుచూస్తే దొరికిన తేదీ. రానూ పోనూ 100 కిలోమీటర్లు, అంటే పద్నాలుగున్నర యూనిట్లు. వానకు దారి మళ్లించుకోవాల్సి వస్తుందేమోనని అక్క మరో మూడున్నర కలిపి 18 లెక్కవేసింది. వానలో తెల్లవారుజామున ఊళ్లో అద్దె బండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. పట్నంలో ఛార్జింగ్ కేంద్రాలు ఉన్నాయి కానీ, ఆపరేషన్ అయిన మనిషిని కారులో కూర్చోబెట్టి అక్కడ ఎదురుచూడటం అక్కకు ఇష్టం లేదు.

అక్కకూ ఒక గడువు ఉంది. ఆఫీసులో కొత్తగా బయటపడ్డ ఒక తప్పును సరిచేసి, తెల్లారేలోగా పంపాలి. ఇంకో నాలుగు గంటల పని.

వాళ్ల కారుకు బయటి పరికరాలకు కరెంటు ఇచ్చే ఏర్పాటు ఉంది. కొన్ని కొత్త కార్లలో ఇది వస్తోంది. "అక్కా, కారునుంచి ఇంటికి తీగ వేద్దామా? పిల్లలకు ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు" అన్నాను.

అక్క టార్చి వెలుగు గోడమీద పట్టికకు కొట్టింది. అడుగున పెన్సిలుతో ఒక వరస రాసి ఉంది: "ఇంట్లో కరెంటు పోయినా, ఆసుపత్రికి దాచింది తీయకూడదు."

"ఇది కంప్యూటరుకు రాసింది కాదురా, నాకు నేను రాసుకున్నది" అంది.

మా పాప తొమ్మిదేళ్లది. అప్పటిదాకా పట్టికను చూస్తూ నిలబడింది. "అత్తా, దాచింది 18 కదా. కారులో 19 ఉంది. ఒకటి ఎక్కువుంది!" అంది.

అక్క నవ్వింది. "సరే, ఆ ఒకటి మనది. ఏం చేద్దాం చెప్పు?"

పాప కాగితం తీసుకుంది. ల్యాప్‌టాప్ 60 వాట్లు, ఇంటర్నెట్ పరికరం 15 వాట్లు, మొత్తం 75. నాలుగు గంటలకు 300 వాట్ అవర్లు. అంటే 0.3 యూనిట్. కారు భాషలో చెప్పాలంటే రెండు కిలోమీటర్లు. అక్క పని రెండు కిలోమీటర్ల ఖర్చుతో అయిపోతుంది!

వరండాలో నిలిపిన కారునుంచి ఒకే ఒక తీగ లోపలికి లాగాం. ల్యాప్‌టాప్‌కూ, ఇంటర్నెట్‌కూ తప్ప ఇంకేదీ తగిలించలేదు. మేము కిటికీలు తెరిచి, విసనకర్రలు పట్టుకుని పడుకున్నాం. ఫ్రిజ్‌లోని పాలు బావ ముందే కాచి తోడుపెట్టేశాడు.

నాకు నిద్ర పట్టలేదు. బయటికి వచ్చి అక్క పక్కన కూర్చున్నాను. "సోమవారమే చెప్పి ఉండాల్సింది కదక్కా, రాడ్డు పెట్టొద్దని" అన్నాను.

"రెండేళ్లకొకసారి వచ్చే తమ్ముడితో నీళ్లు కాచుకోవద్దని ఎట్లా చెప్పేది? అయినా తప్పు నాదే. స్నానాలగది సాకెట్‌ను ఫ్యాన్ల లైనుకు కలిపినాను. ఆ లైను చివరిదాకా ఆగదు. చుట్టాలు వస్తే ఏం చేయాలో ప్రోగ్రాములో రాయనేలేదు" అంది.

లోపల్నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "కట్టెల పొయ్యి ఉండాది గదా నాయనా, అడిగింటే నేనే కాచిపెట్టేదాన్ని."

నిజమే. అడగనిది నేనే.

ఒంటిగంటన్నరకు అక్క పని పంపేసింది. ఐదున్నరకు కారు బయలుదేరింది. దారి మళ్లించుకోవాల్సిన పని పడలేదు. సాయంత్రం కంటికి కట్టుతో పెద్దమ్మ ఇంటికి వచ్చేసరికి కారులో 4 యూనిట్లు మిగిలాయి. ఆ రోజు మబ్బు కొంచెం విడి ఇల్లు మళ్లీ వెలిగింది. ఐదు బకెట్ల నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాగాయి.

7. ఈ కథనుంచి మనం ఏం తీసుకోవాలి?

అందరూ ఇలా బతకాలని అక్క ఎవరికీ చెప్పదు. బ్యాటరీలు ఖరీదైనవి, వాటికీ ఆయువు ఉంది, పాతబడ్డాక వాటిని సరిగ్గా రీసైక్లింగ్‌కు పంపాలి. లైను ఉన్న ఊళ్లో లైనుకు కలిపిన సోలారే మేలని తనే అంటుంది. ఒకచోట మబ్బు పడితే ఇంకోచోటి ఎండ, గాలి, నీరు ఆదుకోవడం పెద్ద విద్యుత్ వ్యవస్థలో ఉన్న సుఖం. 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కులాంటివి ఆ వ్యవస్థకే కరెంటు పోస్తున్నాయి.

మనం తీసుకోవలసింది లెక్క. ఆ రాత్రి ఎంత ఉందో, ఎంత దాచాలో అంకెల్లో తెలిసింది కనుకనే ఒక యూనిట్ మిగులు కనబడింది. లెక్క తెలియకపోతే భయపడి అక్క పని ఆపేసేవాళ్లం. లేదా మొహమాటపడి అందరికీ ఫ్యాన్లు వేసి, పెద్దమ్మ ప్రయాణాన్ని చెడగొట్టేవాళ్లం.

ఇంకొకటి. మన జీవితంలో ఎక్కువ నియమాలు చేదర్థకాలే. బదిలీ వస్తే బడి మారుతుంది, భాష మారుతుంది, స్నేహితులు మారతారు. అలా వంగడం మనకు బాగా అలవాటు. కానీ ఒకటో రెండో అప్యర్థకాలు కూడా ఉండాలి. ఎన్ని ఊళ్లు మారినా వదలనివి. అవి ఏమిటో కరెంటు ఉన్నప్పుడే, తీరిగ్గా కూర్చుని రాసుకోవాలి. చీకటి పడ్డాక రాసుకోవడం కష్టం.

పదాలు – అర్థాలు

చీనీ: బత్తాయి (రాయలసీమ మాట)
మిద్దె: పైకప్పు, డాబా
మొహమాటం: ఎదుటివారితో చెప్పలేని బిడియం
తోడుపెట్టు: పాలు పెరుగు కావడానికి కొంచెం మజ్జిగ కలుపు
ఆయువు: జీవితకాలం

అభ్యాసం

1. "ఎవరినీ అడగకుండా రాడ్డు పెట్టాను" అనే వాక్యంలో అసమాపక క్రియను గుర్తించండి. అది ఏ రకానిది?
2. కింది చేదర్థక వాక్యాలను అప్యర్థక వాక్యాలుగా మార్చండి. అర్థం ఎలా మారిందో చెప్పండి.
   అ) ఎండ కాస్తే మోటారు వేస్తాం.
   ఆ) నాన్నకు బదిలీ అయితే తెలుగు చదవడం మానేస్తాను.
3. మీ ఇంట్లో ఐదు పరికరాల వాట్లు చూసి, ఒక రోజు ఖర్చు యూనిట్లలో లెక్కించండి. వేడి చేసేవి, కదిలించేవి ఒకవైపు, మిగతావి ఒకవైపు రాయండి.
4. సోమవారం రాత్రి అక్క తమ్ముడితో ఎలా చెప్పి ఉంటే బాగుండేది? నొప్పించకుండా చెప్పే సంభాషణను 8 వాక్యాల్లో రాయండి.

ప్రాజెక్టు పని

మన దేశంలో సోలార్ పలకను దక్షిణానికి తిప్పి, సుమారుగా ఆ ఊరి అక్షాంశమంత వాలుగా పెడతారు. అనంతపురంలో అది దాదాపు 15 డిగ్రీలు, ఢిల్లీలో 28 లేదా 29, లేహ్‌లో 34. మీరు ఇంతవరకు ఉన్న ఊళ్ల పేర్లన్నీ వరసగా రాసి, ఒక్కో ఊళ్లో పలకను ఎంత వాలుగా పెట్టాలో అట్లాసు చూసి రాయండి. వరస చివర మీ "ఎన్ని ఊళ్లు మారినా" వాక్యం ఒకటి చేర్చండి.